వెయిటింగ్ ఒకటి

పెద్ద కాలేజీ ఇంటర్వ్యూ గదిలో అంతా సవ్యంగానే జరిగింది, చివరి అరనిమిషం తప్ప. ముగ్గురు ప్రొఫెసర్లు ఇరవై నిమిషాలపాటు అడిగినవాటన్నిటికీ ఆమె తడబడకుండా జవాబిచ్చింది. రక్తం గుండెలోకి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చెప్పింది. డాక్టరు ఎందుకు కావాలనుకుంటోందో చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాక పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన ఎలా కూర్చుంటావమ్మా అంటే, "బెంచీ మీదే కూర్చుంటానండీ" అని వాళ్ళను నవ్వించింది కూడా. ఆఖర్న మధ్య కుర్చీలో ఉన్న పెద్దాయన లేచి, సంతోషం అన్నట్టుగా చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి అందుకుంది. అందుకుని, వెల్లకిలా తిప్పి, చొక్కా చేతిని మోచేతి పైకి తోసి, మడతలో రెండు వేళ్ళతో నొక్కి చూసి, "పిడికిలి బిగించండి," అంది.

పెద్దాయన బిగించాడు. ఆ గొంతు వింటే ఎవరైనా బిగిస్తారు.

"మంచి నరమండీ," అని చెప్పి, చెయ్యి వదిలి, అందరికీ నమస్కారం పెట్టి, మెట్లు దిగి, గేటు దాటి, రైల్వే స్టేషనుకు బస్సెక్కి, టిక్కెట్టు తీసుకుని, చిల్లర సంచిలో వేసుకున్నాక గానీ తను చేసిన పనేమిటో ఆమెకు తట్టలేదు. అప్పటికి బస్సు రెండు స్టాపులు దాటింది. వెనక్కి వెళ్ళి చెప్పడానికి మాత్రం ఏముంది?

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. సీటు లేదనీ అనలేదు, ఉందనీ అనలేదు. వెయిటింగ్ లిస్టులో పదకొండో నంబరు అన్నారు. ఆ పదకొండులో తన విద్య ఎంతో, పెద్దాయన నరం ఎంతో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఆస్పత్రిలో ఆమెను అందరూ దోమ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది, అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. పిల్లల వార్డులో ఓ బుడతడు "దోమక్కొచ్చింది!" అని దుప్పట్లో దూరిన రోజు నుంచీ ఆ పేరు మేడ మీద నుంచి కిందికి పాకింది. చివరకు పెద్ద డాక్టర్లు కూడా "ఆ దోమను ఒకసారి పైకి పంపండి" అనడం మొదలుపెట్టారు. ఆమె ఏమీ అనుకోలేదు. "దోమ చెప్పకుండా కుడుతుంది, నేను చెప్పి కుడతాను, అంతే తేడా," అనేది.

పని ల్యాబులో రక్తం తీయడం. పదేళ్ళుగా అదే. కింది అంతస్తులో మూడో తలుపు. లోపల రెండు కుర్చీలు, వాటికి చెయ్యి ఆనించుకోవడానికి రెగ్జిను తొడిగిన అడ్డపలకలు. వేల మోచేతులు ఆని ఆని ఆ రెగ్జిను మధ్యలో నున్నగా, తెల్లగా అయిపోయింది. కుర్చీల మధ్య ఒక పచ్చ తెర. ఒక కుళాయి, ఎంత బిగించినా కారుతుంది. ఉదయం ఏడింటికి తలుపు తీసేసరికి బయట నలభై మంది ఖాళీ కడుపులతో ఉంటారు. ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి మర్యాదలు గుర్తుండవు. ఆ సమయంలో జడ్జీగారైనా, రిక్షా తొక్కేవాడైనా ఒకే మాట అంటారు: "ఇంకా ఎంతసేపు?"

ఆ పనిలో ఉన్నవాళ్ళకు ఒక జబ్బు పట్టుకుంటుంది. మొహాలు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. బజార్లో ఎవరో పలకరిస్తే దోమ తెల్లమొహం వేసేది. వాళ్ళు సంచి మరో చేతికి మార్చుకోగానే, "అయ్యో, మీరా! ఎడమ చేతికి దొరకదు మీకు, కుడిదే," అని ఆప్యాయంగా నవ్వేది.

ఈ విద్యంతా ఆమెకు నేర్పింది తెరకు అవతలి కుర్చీ. ఆ కుర్చీలో పనిచేసే మనిషిని తాతయ్య అంటారు. తాతయ్యకు వయసు ముప్ఫై నాలుగే. పాతికేళ్ళు నిండకుండానే తల ముగ్గుబుట్టయిపోవడంతో ఆ పేరొచ్చింది. కొత్తల్లో దోమ నరం కోసం కళ్ళు చిట్లించి చూస్తుంటే, "కళ్ళు మూసుకో. నరం కనిపించేది కాదు, తగిలేది," అని ఆమె వేళ్ళను పట్టుకుని తన చేతి మీదే తిప్పి చూపించాడు. ఆయన చేతి మీద ఆమె మొదటి నెలలో ఎన్నిసార్లు గుచ్చి నేర్చుకుందో ఇద్దరూ లెక్కపెట్టలేదు. ఆయనకొక అలవాటుండేది. సూది తీశాక దూది పెట్టి టేపు అంటించేటప్పుడు, టేపు కొసను చిటికెడు లోపలికి మడిచేవాడు. ఇంటికెళ్ళి పీక్కునేటప్పుడు గోటికి అందాలని. నలభై మంది బయట కేకలేస్తున్నా ఆ మడత మానేవాడు కాదు. దోమ తనూ మడవాలనే అనుకునేది, హడావిడిలో మర్చిపోయేది. ఆ మడతను చూసి ఈ చేతిని తాతయ్య చూశాడా, దోమ చూసిందా అని వార్డుల్లో నర్సులు చెప్పేసేవారు.

డాక్టరు చదవాలన్న పిచ్చి కూడా ఆమెకు ఆయన దగ్గరే అంటుకుంది. తాతయ్య అప్పటికి మూడుసార్లు మిల్లు కాలేజీకి దరఖాస్తు పెట్టాడు. మూతబడిన నూలు మిల్లులో పెట్టిన కొత్త మెడికల్ కాలేజీ అది, వాళ్ళ ఆస్పత్రికి గోడ అవతలే. శవాల గదిలో ఇంకా నూనె వాసనే వస్తుందని చెప్పుకునేవారు. ఆయన భార్య ఆ ఊరి బళ్ళో టీచరు, ఇద్దరు మగపిల్లలు. ఊరు దాటి చదివే వీలు లేదు గనక ఆయన వేరే కాలేజీ పేరెత్తలేదు. మూడుసార్లూ రాలేదు. మూడోసారి తర్వాత, "ఇక చాలమ్మా, ఈ వెంట్రుకలతో వెళితే నన్ను ప్రొఫెసరనుకుని పాఠం చెప్పమంటారు," అని నవ్వి ఊరుకున్నాడు. తన పాత పుస్తకాలన్నీ దోమకిచ్చేశాడు. వాటి అంచుల్లో పెన్సిలు గీతలు, ప్రశ్నార్థకాలు. రెండేళ్ళు ఆమె వాటి మీదే చదివింది.

ఆ ఏడు మిల్లు కాలేజీ జాబితాలో దోమకు సీటొచ్చింది. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. ఊడ్చే ఆయమ్మ ఆమె బుగ్గలు నిమిరి, "రేపట్నుంచి నిన్ను దోమ డాక్టరు అనాలా, డాక్టరు దోమ అనాలా?" అంది. తాతయ్య కూడా చప్పట్లు కొట్టాడు. కొట్టి, "అయితే ఈ కుర్చీకి కొత్తవాళ్ళను వెతకాలి," అని పనిలో పడ్డాడు.

ఆ మరుసటి వారం మిల్లు కాలేజీవాళ్ళు ఆరోగ్య పరీక్షలు పెట్టారు. చేరబోయేవాళ్ళందరికీ, వాళ్ళతోపాటు వెయిటింగ్ లిస్టులో మొదటి ముగ్గురికీ ఈ ల్యాబులోనే రక్తపరీక్ష చేసి ఉంచాలి. ఎవరైనా సీటు వదిలేస్తే ఆలస్యం లేకుండా వెనకవాళ్ళను పిలవడానికి. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లూ రక్తం తీసిన సమయమూ ఉంటాయి. ఆ రోజు ట్రే సరిచూసి రిజిస్టర్లో సంతకం పెట్టే వంతు దోమది.

చూస్తూ చూస్తూ ఒక ట్యూబు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. వెయిటింగ్ ఒకటి. సమయం, ఉదయం ఆరూ పది.

తలుపు తీసేది ఏడింటికి. ఆరింటికి వచ్చి ట్యూబులు సర్ది, కుళాయి కింద బక్కెట్టు మార్చే మనిషి ఒక్కడే.

ఆమె తెర పక్కకు జరిపి చూసింది. తాతయ్య ఒక ముసలమ్మ చేతికి రబ్బరు పట్టీ కడుతున్నాడు. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల పైకి మడిచి ఉంచేవాడు, ఆ రోజు ఎడమ చెయ్యి మణికట్టు దాకా దించి బొత్తం పెట్టుకున్నాడు. ముసలమ్మ చెయ్యి పట్టుకోవడానికి వంగినప్పుడు ఆ గుడ్డ బిగిసింది. మోచేతి మడత దగ్గర, పల్చటి చొక్కాలోంచి, దూది ఉబ్బు కనిపించింది. దాని మీద టేపు కనిపించింది. కొస మడిచి ఉంది.

ఒంటిచేత్తో, రబ్బరు పట్టీ పళ్ళతో పట్టి బిగించుకుని, తనకు తానే తీసుకున్నాడన్నమాట. ఎవరి కంటా పడకుండా. తీసుకుని, తనకు తానే మడత కూడా పెట్టుకున్నాడు.

ఇక చాలన్న మనిషి నాలుగోసారి దరఖాస్తు పెట్టాడు. వచ్చే ఏటికి ఆయనకు ముప్ఫై ఐదు నిండుతాయి. నిండినవాళ్ళ దరఖాస్తు మిల్లు కాలేజీ ముట్టుకోదు. ఎవరో ఒకరు సీటు వదిలితే ఆయన లోపల, వదలకపోతే ఆ తెర దగ్గరే. దోమ ట్రే మూత పెట్టి, రిజిస్టర్లో సంతకం చేసి, నోరు మూసుకుంది. దాచుకున్న మనిషి మాట దాచాలి కదా. ఆ ఎవరో ఒకరు తనే అవుతుందని ఆమెకు అప్పుడు తోచలేదు.

పెద్ద కాలేజీ నుంచి ఫోను ఆ తర్వాత తొమ్మిదో రోజున వచ్చింది. ఆ సమయానికి దోమ ఎదురుగా ఒక రిటైరైన పోస్టుమాస్టరు కూర్చుని ఉన్నాడు. చేతికి పట్టీ కట్టి ఉంది, పిడికిలి బిగించి ఉంది, సూది ఇంకా పడలేదు. ఆయమ్మ "పెద్ద కాలేజీవాళ్ళట" అంటూ ఫోను తెచ్చి దోమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది.

"మీ ముందున్నవాళ్ళంతా వేరే చోట్ల చేరిపోయారండీ," అన్నాడు అవతలి గుమాస్తా. "ఇప్పుడు వంతు మీది. రేపు సాయంత్రం నాలుగింటిలోపు ఏ సంగతో చెప్పాలి. ఇంకెక్కడైనా సీటుంటే అది వదులుకున్నట్టు కాగితం కావాలి."

"నాలుగింటిలోపు," అంది దోమ.

"నాలుగు దాటితే పన్నెండో నంబరువాళ్ళకు ఫోను చేస్తాం."

ఫోను ఆగిపోయింది. దోమ అలాగే నిలబడింది.

"పెద్ద కాలేజీయేనా?" అన్నాడు పోస్టుమాస్టరు. "ఇంకా ఆలోచిస్తున్నావేంటమ్మా? కళ్ళు మూసుకుని వెళ్ళిపో. మా రోజుల్లో ఆ కాలేజీ డాక్టరు వీధిలో నడిస్తే సైకిళ్ళు దిగేవాళ్ళం. ఒక సంగతి, వెళ్ళేముందు నా చెయ్యి విప్పు. వేళ్ళు నీలంగా అయిపోతున్నాయి."

ఆయన వేళ్ళకు రక్తం తిరిగి వచ్చేలోపే సంగతి వరండా అంతా పాకింది. ఉత్తరాలు చేరవేసిన మనిషి కదా. తెర అవతల తాతయ్య చెయ్యి ఆగలేదు. "తర్వాత," అని పిలిచాడు. ఇంకొకరు వెళ్ళి కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ. రెండు గదుల వాటా, మూడో అంతస్తు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో ఇరవై ఏడు లిఫ్టులు ఆయన చేతిలో ఉన్నాయి గానీ వాళ్ళ ఇంటికి మాత్రం మెట్లే. నాలుగున్నరేళ్ళ పాప నేల మీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళతో ఏదో గీస్తోంది. అత్తగారు పాప గౌనుకు ఊడిన బొత్తం కుడుతోంది.

"పెద్ద కాలేజీ అంటే పెద్ద కాలేజీయేనమ్మాయ్," అంది అత్తగారు, దారం పంటితో తెంపుతూ. "మిల్లు కాలేజీలో చదివానని చెప్పుకుంటే నూలు డాక్టరా అంటారు."

"రైల్లో ఒక రాత్రీ సగం పగలూ అత్తయ్యా. అయిదేళ్ళు."

"ఆ మాటకొస్తే నా మొగుడు ఓడ మీద పనిచేశాడు. పదేళ్ళలో నేను ఆయన్ని చూసింది పదిసార్లు. ఏం, బతకలేదా? నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది."

దోమ భర్త వైపు చూసింది. "ఏవండీ, మీరేమంటారు?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం తెలియకే కదా అడుగుతున్నాను."

"నీ ఇష్టమే నా ఇష్టం."

"మీ లిఫ్టు ఎక్కినవాళ్ళతో కూడా ఇంతేనా? ఏ అంతస్తండీ అని అడగరా?"

"అడుగుతాం. కానీ మేం నొక్కం. వాళ్ళే నొక్కుకోవాలి," అన్నాడాయన. చేతులకున్న నల్ల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, ఈసారి నవ్వకుండా చెప్పాడు. "ఒక్కటి మాత్రం విను. పాప గురించి ఆగొద్దు. అమ్మ ఉంది, నేనున్నాను. అన్నం పెడతాం, జడ వేస్తాం, బడికి పంపుతాం. నీకు వెళ్ళాలని లేకపోతే ఉండు. అంతేగానీ పాపను అడ్డం పెట్టుకుని ఉండకు. రేపు అది పెద్దయ్యాక నీ వల్లే ఆగిపోయానంటే అది మోయలేదు."

నిజాయితీ గల మనిషితో కాపురంలో ఇదే ఇబ్బంది. దాక్కోవడానికి చోటు మిగల్చడు.

దోమ వెళ్ళి పాప పక్కన నేల మీద కూర్చుంది. పాప తలెత్తకుండానే కాలు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది, అక్కడ ఒక ఒళ్ళుంటుందని ముందే తెలిసినట్టు.

దోమకు ఆ వయసులోనే వాళ్ళమ్మ నర్సు చదువుకని మూడేళ్ళు వేరే ఊరు వెళ్ళింది. నెలకోసారి వచ్చేది, తర్వాత్తర్వాత రెండు నెలలకోసారి. అమ్మమ్మ ఏ లోటూ చేయలేదు. అన్నం పెట్టింది, జడ వేసింది, బడికి పంపింది. చదువు ముగించుకుని అమ్మ పూర్తిగా వచ్చేసిన రోజు ఇంట్లో దోమ ఒక్కతే ఉంది. తలుపు తీసి, పెట్టెతో నిలబడ్డ మనిషిని చూసి, "రండి, కూర్చోండి. అమ్మమ్మ ఇప్పుడే వచ్చేస్తుంది," అంది. కుర్చీ లాగి వేసింది. గ్లాసులో మంచినీళ్ళు తెచ్చి, వొలకకుండా రెండు చేతులతో అందించింది. అమ్మ నిలబడే ఆ నీళ్ళన్నీ తాగింది. తర్వాత ముప్ఫై మంది పనిచేసే వార్డుకు పెద్ద నర్సయింది. ఎంతోమంది ఆమె చేతుల్లో బతికారు. తల్లీకూతుళ్ళు ఎప్పుడూ పోట్లాడుకోలేదు. ఒకరికొకరు ఎప్పుడూ అడ్డు చెప్పుకోలేదు కూడా. చుట్టాలతో ఉన్నట్టే ఉన్నారు, ఆమె పోయేదాకా.

పాప బాగానే పెరుగుతుంది. ఆ సంగతి దోమకు తెలుసు. తను బాగానే పెరగలేదా? పాపకు తన అవసరం ఉండి కాదు. పాప కాలు తన ఒళ్ళో పడాలని తనకు ఉంది. అంతే. అది పాప కోసం కాదు, తన కోసం.

తక్కెడ అవతలి వైపున ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తను వెళితే ఒక మనిషి గోడ దాటి అవతలికి పోతాడు. అతనికీ పిల్లలున్నారు, ఊరు దాటలేడు, ఇదే ఆఖరు. ఆ పుస్తకాలు అతనివి. ఈ వేళ్ళు అతను నేర్పినవి. ఇంట్లో చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అది తన రహస్యం కాదు గనక రెండుసార్లూ మింగేసింది.

మర్నాడు ఉదయం తాతయ్య తలకు రంగు వేసుకుని వచ్చాడు.

నల్లగా, నిగనిగలాడుతూ, కొత్త చెప్పులా ఉంది తల. కుడి చెవి పైన రంగు అంటుకుని గోరంత మచ్చ కూడా పడింది. ఆయమ్మ చీపురు కింద పడేసింది.

"ఇదేంటి తాతయ్యా, పెళ్ళిచూపులా?"

"మా ఆవిడ పని," అన్నాడాయన, ట్యూబులు సర్దుతూ. "వద్దంటే వినలేదు."

"బాగుంది బాగుంది. ఇకనుంచీ బాబు అనాలేమో."

ఖాళీ కడుపులవాళ్ళు కూడా నవ్వారు. ఆయనా నవ్వాడు. దోమ నవ్వలేకపోయింది. పదేళ్ళుగా ఆ తల మీద ఎన్ని హాస్యాలు పడ్డా ఆ మనిషి రంగు జోలికి పోలేదు. నిన్న మధ్యాహ్నం ఒక ఫోను వచ్చింది. రాత్రి దాటేసరికి తల నల్లబడింది.

కాసేపటికి తెర మీదుగానే అడిగాడు. "పెద్ద కాలేజీవాళ్ళు పిలిచారటగా?"

"అవును తాతయ్యా."

"ఎప్పటిలోగా చెప్పాలి?"

"నాలుగింటికి."

"ఊఁ," అన్నాడు. "దూది అయిపోవచ్చింది. స్టోరుకు రాయాలి."

ఆ రోజు ఆ గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెప్పారు. వెళ్ళమన్నారు, వద్దన్నారు. ఒకావిడ తన మేనకోడలు పెద్ద కాలేజీ హాస్టల్లో జుట్టంతా రాలగొట్టుకుందని చెప్పింది. పోస్టుమాస్టరు రిపోర్టు కోసం వచ్చి, ఎందుకైనా మంచిదని మళ్ళీ సలహా ఇచ్చి వెళ్ళాడు. ఏమీ చెప్పనిది తాతయ్య ఒక్కడే. వెళ్ళు అని ఒక్క మాట అంటే సరిపోయేది, ఎవరైనా అనే మాటే అది, ఎవరూ తప్పు పట్టరు. ఆయన అనలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ బయటికి వెళ్ళి, జేబులో ఫోటో స్టూడియో కవరుతో తిరిగొచ్చాడు. మిల్లు కాలేజీలో చేరేటప్పుడు నాలుగు ఫోటోలు అడుగుతారు. దోమ పోయిన వారమే ఇచ్చి వచ్చింది.

మూడూ నలభైకి ఆమె చేతి తొడుగులు తీసేసి, చేతులు కడుక్కుని, వెనక మెట్ల కింద నీళ్ళ డ్రమ్ము పక్కకు వెళ్ళి ఫోను చేసింది.

"చేరడం లేదా?" అన్నాడు గుమాస్తా. కాగితం తిప్పిన చప్పుడైంది. "సరేనండీ. కారణం అని ఒక గడి ఉంది ఇక్కడ. ఇంట్లో పరిస్థితులు అని రాసేయనా? అందరూ అదే రాయిస్తారు."

"వద్దండీ. ఇంట్లో పరిస్థితులు బాగానే ఉన్నాయి."

"మరేం రాయమంటారు?"

"నాకు రావాలని లేదని రాయండి."

అతను రాసుకున్నాడు. పెన్ను గీకుడు ఆమెకు వినిపించింది. ఇంటర్వ్యూ, వెయిటింగ్, పదకొండో నంబరు, అన్నీ కలిపి ఒక నిమిషంలో అయిపోయాయి.

వెనక్కి వచ్చి, ఎవరి నోటనో వినకముందే, తెర పక్కకు లాగి ఆయన ఎదురుగా నిలబడి చెప్పింది. "తాతయ్యా, నేను పెద్ద కాలేజీకి వెళ్ళడం లేదు. మిల్లు కాలేజీలోనే చేరుతున్నాను."

తాతయ్య ముందు ఒక కుర్రపిల్ల చెయ్యి చాపుకుని కూర్చుని ఉంది. పట్టీ కట్టి ఉంది. ఆయన ఆ చేతి మీంచి కళ్ళెత్తలేదు. "మంచిది," అన్నాడు. "దగ్గరే ఉంటావు."

సూది పెట్టాడు. రక్తం రాలేదు. తీసి, దూది అద్ది, "ఒక్క క్షణమమ్మా," అని ఇంకోచోట పెట్టాడు. రాలేదు. పోయిన పదేళ్ళలో దోమ అలాంటిది చూడలేదు. అది దారి పక్క కాలవలా కనిపిస్తున్న నరం.

ఆ గదిలో ఒక నియమం ఉంది, పెట్టింది తాతయ్యే. ఒక మనిషిని ఒకే చెయ్యి రెండుసార్లకు మించి గుచ్చకూడదు. రెండోసారీ దొరక్కపోతే తప్పు నరానిది కాదు, ఆ పూట ఆ చేతిది. సూది ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఆయన లేచాడు. కొత్త సూది దోమకు అందించి, కుర్చీ వదిలి పక్కకు జరిగాడు. ఆమె కూర్చుంది. కళ్ళు మూసుకుని వేలితో ఒకసారి తడిమి, గుచ్చింది. వెంటనే వచ్చింది. ఎంత ఎర్రగా వచ్చిందంటే, ఆమెకు ఆ ట్యూబు వైపు చూడబుద్ధి కాలేదు. వెనక కుళాయి దగ్గర తాతయ్య చేతులు కడుక్కుంటున్నాడు. కుర్రపిల్ల లేచి వెళ్ళిపోయింది, ఇంకొకరు వచ్చి కూర్చున్నారు, ఆయన ఇంకా కడుక్కుంటూనే ఉన్నాడు.

పదిహేను రోజులకు మిల్లు కాలేజీ గేటుకు జాబితా ముగిసిందని కాగితం అంటించారు. ఎవరూ సీటు వదల్లేదు. అది అంటించిన రోజున తాతయ్య మామూలుగానే ఆరింటికి వచ్చాడు, మామూలుగానే ట్యూబులు సర్దాడు. ఆయనకు ఆ చదువు మీద ఆశ ఇంకా ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు గనక ఎవరూ ఓదార్చలేదు. రంగు గురించి మాత్రం ఏడిపించడం మానలేదు. మొదళ్ళలో తెలుపు బయటపడుతుంటే ఆయమ్మ, "బాబు మళ్ళీ తాతయ్య అవుతున్నాడర్రోయ్," అనేది. ఆయన తల తడుముకుని నవ్వేవాడు. చెవి మీది మచ్చ మాత్రం ముందే పోయింది.

దోమతో మాటలు తగ్గించలేదు. పెంచనూ లేదు. దూది సంగతి, సూదుల సంగతి, కొత్తగా రాబోయే అమ్మాయికి ఏం నేర్పాలన్న సంగతి మాట్లాడేవాడు. దోమ ఇంటికెళ్ళి పాప జడ వేస్తూ వేస్తూ చేతులాపేసేది. తప్పు చేశానా అని తనను తాను అడిగేది. కాదు అనిపించేది. అయినా తేలికపడేది కాదు. తప్పు కానిది కూడా ఇంత బరువుంటుందని ఏ పుస్తకం అంచులోనూ పెన్సిలుతో రాసి లేదు.

ల్యాబులో ఆమె ఆఖరి రోజు మధ్యాహ్నం వరండా ఖాళీ అయ్యాక, తాతయ్య ఆమె కుర్చీకి ఎదురుగా, రోగులు కూర్చునేచోట కూర్చున్నాడు. చెయ్యి రెగ్జిను మీద ఆనించాడు. ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"నిన్న పాత రిజిస్టర్లు సర్దాను," అన్నాడు. "ఆరోగ్య పరీక్షల ట్రే కింద సంతకం నీదే."

దోమ తల వంచుకుంది. "అవును తాతయ్యా."

"చూశావన్నమాట."

"సమయం చూశాను. మీ చొక్కాలోంచి టేపు కూడా చూశాను."

ఆయన తన మోచేతి మడత చూసుకున్నాడు. కుళాయి కారుతోంది. బయట ఆయమ్మ బల్లలు జరుపుతోంది.

"నువ్వు ఉండడం తప్పని నేననను," అన్నాడు. "నీ సీటు, నీ ఇల్లు, నీ పిల్ల. కానీ దోమా, పదేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. అంతా తెలిసి కూడా నన్ను ఒక్క మాట అడగలేదు నువ్వు. ఒక్క మాట అడిగితే ఏం పోయేది?"

"అడిగితే మీరు ఉండిపొమ్మనేవారు తాతయ్యా, అప్పుడు మీకు సీటు రాకుండా నేను చేసిన పని మీరే చేసుకున్నట్టయ్యేది."